బీపీ లేని నాన్నకి లివర్ కోసం బీపీ మాత్ర రాశారు, ఆపేయొచ్చా?

నాన్నగారికి సిర్రోసిస్ (లివర్ గట్టిపడే జబ్బు), బీపీ ఎప్పుడూ లేదు, అయినా కార్వెడిలాల్ రాశారు, మెడికల్ షాపతను "ఇది బీపీ మాత్ర కదా" అన్నాడు, ఆపేయొచ్చా అని అడిగారు. దయచేసి మీ అంతట మీరు ఆపకండి. మేం ఆ పొరపాటే చేశాం.

మా అమ్మ మద్యం వాసన ఎరగని మనిషి. ఏళ్ల తరబడి షుగరు, ఫ్యాటీ లివర్, చివరికి సిర్రోసిస్. ప్లేట్‌లెట్లు 80 వేలకు పడిపోతే ఎండోస్కోపీ చేసి, అన్నవాహికలో రక్తనాళాలు ఉబ్బి ఉన్నాయని కార్వెడిలాల్ మొదలుపెట్టారు. వారం తిరక్కుండానే పొద్దున మంచం దిగుతుంటే కళ్లు తిరిగాయంది. చూస్తే పై బీపీ 104. బీపీ లేని మనిషికి ఈ మాత్రేంటని నేనే మాన్పించాను. డాక్టరుకి ఫోన్ కూడా చెయ్యలేదు. నెలన్నరకి ఒక రాత్రి విరేచనం తారులా నల్లగా, జిగటగా అయింది. ఐరన్ మాత్రల వల్లేమో అనుకుని తెల్లారేదాకా ఆగాం. తెల్లవారుజామున బాత్రూంలో రక్తం కక్కుకుంది. ఎండోస్కోపీతో ఆ ఉబ్బిన నాళాలకి రబ్బరు బ్యాండ్లు వేసి రక్తం ఆపారు. మాత్ర వేసుకుంటూ ఉంటే ఇది జరిగేదే కాదని చెప్పలేను. కానీ ఆపించింది నేను. అది నన్ను ఇప్పటికీ వదల్లేదు.

డిశ్చార్జి రోజు డాక్టరుగారు చీటీ వెనక పెన్నుతో గీసి చూపించారు. పేగుల నుంచి, ప్లీహం నుంచి వచ్చే రక్తం పోర్టల్ సిర గుండా లివర్‌లోకి పోవాలి. లివర్ గట్టిపడితే దారి ఇరుకై వెనక ఒత్తిడి పెరుగుతుంది. పూడిక పడ్డ కాలువలో నీళ్లు పక్క బోదెల్లోకి తన్నినట్టు, రక్తం అన్నవాహికలోని పలచటి నాళాల్లోకి మళ్లుతుంది. ఈ పనికి వాడే బీటా బ్లాకర్ అనే రకం మాత్రలు గుండె వేగాన్ని, పేగుల వైపు పోయే రక్తాన్ని తగ్గిస్తాయి. వాటిలో ఒకటైన కార్వెడిలాల్ అయితే లివర్ లోపలి బిగువునీ కొంత సడలిస్తుంది. చేతికి పట్టీ చుట్టి చూసే బీపీ కోసం కాదు, లోపలి ఈ బీపీ కోసం ఇస్తారు.

లాభం రక్తస్రావం ఒక్కదానికే కాదు. 2019లో స్పెయిన్ వాళ్ల పరిశోధన ఒకటి వచ్చింది. పోర్టల్ ఒత్తిడి పెరిగినా ఇంకా పొట్టలో నీరు చేరని 201 మంది మీద చేశారు. జబ్బు ముదరడమో, మరణమో బీటా బ్లాకర్ వేసుకున్నవాళ్లలో 16 శాతం, డమ్మీ మాత్ర వాళ్లలో 27 శాతం. తేడా ముఖ్యంగా పొట్టలో నీరు చేరడం తగ్గడం వల్లే.

అమ్మకి కార్వెడిలాల్ మళ్లీ 3.125 మిల్లీగ్రాములతో మొదలెట్టి, మెల్లగా రోజుకి 12.5 మిల్లీగ్రాములకి తెచ్చారు. ఇడ్లీ తిన్నాకే వేసుకుంటుంది. లేవగానే రెండు నిమిషాలు మంచం అంచున కూర్చుంటుంది. బీపీ, నాడి నేను పాత క్యాలెండర్ వెనక రాస్తాను. పై బీపీ 90 కంటే తగ్గినా, మూత్రం తగ్గినా, సోడియం బాగా పడిపోయినా ఈ మాత్ర తగ్గించాల్సో ఆపాల్సో రావొచ్చు, అది డాక్టరు చూసుకోవాలి. ఆస్తమా ఉంటే ముందే చెప్పండి. అటెనొలాల్, మెటోప్రొలాల్ కూడా బీటా బ్లాకర్లే గానీ ఈ పనికి వాడరు, షాపులో "అదే మందు" అని మార్చి ఇస్తే తీసుకోకండి.

నాన్నగారి పై బీపీ ఎంతుందో ఈ రోజే చూసి, రాసిన డాక్టరుకే ఫోన్ చేసి అడగండి. విరేచనం తారులా నల్లగా కనబడితే మాత్రం అది లోపల రక్తం కారడం కావొచ్చు, మాలాగా తెల్లారేదాకా ఆగకండి.