ఎన్‌హెచ్‌ఎస్‌లో ఫిజియో, ఓటీ వాళ్లని ఒకే డిపార్ట్‌మెంట్‌లో ఉంచాలా, వార్డులకి పంచేయాలా?

మీ అసైన్‌మెంట్ కోసం అడిగారు కదా, ఇంగ్లండ్ ప్రభుత్వ ఆరోగ్య సేవ ఎన్‌హెచ్‌ఎస్‌లో ఫిజియోలు, ఓటీలు (రోజువారీ పనులు మళ్లీ చేసుకునేలా సాయపడే ఆక్యుపేషనల్ థెరపిస్టులు), స్పీచ్ థెరపిస్టులు, డైటీషియన్లు అందరూ ఒకే థెరపీ హెడ్ కింద ఉంటే మంచిదా, స్ట్రోక్, ఆర్థో అని విభాగాలకి పంచేస్తే మంచిదా అని. నేను బీపీటీ (ఫిజియోథెరపీ డిగ్రీ) చేసి 2010లో ఇక్కడికొచ్చా, రెండు పద్ధతుల్లోనూ పనిచేశా, నేనైతే ఒకే హెడ్ ఉండాలంటాను.

1990లో వచ్చిన ఎన్‌హెచ్‌ఎస్ చట్టంతో, 1991 ఏప్రిల్ నుంచి సేవలు కొనేవాళ్లు వేరు, అందించే ట్రస్టులు (ఆసుపత్రులు నడిపే ప్రభుత్వ సంస్థలు) వేరు అయిపోయారు. డబ్బంతా ప్రభుత్వానిదే, పేషెంట్ బిల్లు కట్టడు, కానీ లోపల అంతా కాంట్రాక్టులు, రేట్లే. మోకాలి ఆపరేషన్‌కి ఒక రేటు ఉంటుంది, ఆ తర్వాత మనిషిని లేపి మెట్లెక్కించే పని ఆ రేటులోనే కలిసిపోతుంది, అందుకే కోత అనగానే ముందు మా పోస్టుల మీదే కన్ను పడుతుంది.

నేను చేసిన ఒక ట్రస్టులో మమ్మల్ని విభాగాలకి పంచేశారు. కొత్తగా చేరిన బాండ్ 5 (థెరపిస్టుల మొదటి జీతం గ్రేడు) పిల్లలు కొన్ని నెలలు చెస్ట్, కొన్ని నెలలు న్యూరో, కొన్ని నెలలు ఆర్థో అని తిరిగి నేర్చుకుంటారు, ఆ రొటేషనే ఆగిపోయింది, ఎందుకంటే ఏ మేనేజరూ తన బడ్జెట్ మనిషిని పక్క విభాగానికి వదలడు. ఒక చలికాలం చెస్ట్ వార్డు ఫిజియోకి జ్వరం వస్తే, కఫం తీయించాల్సిన పేషెంట్లు వార్డు నిండా ఉన్నా పక్క విభాగం నుంచి మనిషిని తెచ్చుకోడానికి మధ్యాహ్నం దాకా మెయిళ్లు నడిచాయి. నాకు ఇప్పటికీ బాధేస్తుంది అది.

2012 తర్వాత నడుం నొప్పి, మెడ నొప్పి సేవలు అర్హత ఉన్న ప్రైవేటు క్లినిక్‌లకి కూడా తెరిచారు. మా దగ్గర తేలిక కేసులు బయటికెళ్లాయి, కష్టమైనవి మిగిలాయి, జూనియర్లు చెయ్యి తిప్పుకునే కేసులే తగ్గిపోయాయి.

అయితే స్ట్రోక్ యూనిట్‌లో పొద్దున్నే డాక్టరు, నర్సు, ఓటీ, నేను కలిసి కూర్చుంటే డిశ్చార్జి ఎంత సాఫీగా జరిగేదో కూడా చూశా. కాబట్టి రోజూ పని వార్డు టీమ్‌తోనే చెయ్యాలి, పోస్టులు, రొటేషన్, సూపర్‌విజన్ మాత్రం థెరపీ హెడ్ చేతిలో ఉండాలి, కాంట్రాక్టు మాట్లాడేటప్పుడు ఆ హెడ్ కూడా అక్కడ ఉండాలి. 2022 చట్టంతో సేవలు కొనే సంస్థల రూపం మళ్లీ మారింది గానీ ఈ అవసరం మారలేదు.

మీరు ఏ ట్రస్టు గురించి రాసినా, ఖాళీ అయిన థెరపిస్టు పోస్టు నింపడానికి సంతకం ఎవరు పెడతారో ముందు అది కనుక్కోండి.