పాప జ్ఞానస్నానం తండ్రికి తెలియకుండానా?

అమ్మా, మీరు ఆర్‌సీఎం (రోమన్ కతోలిక) ఇంటి ఆడపిల్ల, అత్తవారిది బాప్టిస్టు కుటుంబం. పాప పెరిగి, తానే విశ్వసించి ముంచుడు బాప్తిస్మం తీసుకోవాలని అత్తగారు అంటుండగా, అల్లుడుగారు స్టీల్‌ప్లాంటుకు డ్యూటీకి వెళ్లిన పూట పాపను జ్ఞానస్నానానికి, అంటే కతోలికుల బాప్తిస్మానికి, చర్చికి తీసుకురమ్మని జ్ఞానాపురంలోని మీ అమ్మగారు తెల్ల గౌను కూడా కుట్టించి బీరువాలో ఉంచారని రాశారు. పసిబిడ్డకు బాప్తిస్మం వాక్యానుసారమేనా అని నన్ను అడిగారు.

ఆ తీర్పు నేను చెప్పను. ఫిలిప్పీ చెరసాల నాయకుడు ఇంటివారందరితో బాప్తిస్మం పొందాడని ఒకరంటారు. నమ్మినవారికే అని మరొకరంటారు. క్రీ.శ. 200 ప్రాంతంలోనే టెర్తుల్లియను అనే తొలినాటి క్రైస్తవ రచయిత పసివారి విషయంలో తొందరపడవద్దని రాశాడు కనుక ఆచారమూ పాతదే, అభ్యంతరమూ పాతదే. మీ ఇంటి చిక్కు అది కాదు, అత్తగారూ కాదు. మీ అమ్మగారితో మీకున్న బంధం.

కతోలిక దేవాలయంలో పెళ్లికి అనుమతి కోరినప్పుడు, పిల్లలకు జ్ఞానస్నానం ఇప్పించడానికి శక్తివంచన లేకుండా ప్రయత్నిస్తానని మాట ఇచ్చినది మీరు. ఆ సంగతి మీ భర్తకూ తెలియజేయాలన్నది శ్రీసభ (కతోలిక సంఘం) నియమం. మీ ఇద్దరి మధ్య ఉండవలసిన ఆ మాటను అమ్మగారి చేతికి అప్పగించి, ఆవిడ భయాన్ని మీ కాపురంలోకి తెచ్చుకున్నారు. జ్ఞానస్నానం లేకుండా బిడ్డకేమైనా అయితే మోక్షం ఉండదన్న భయాన్ని నేను తేలిక చేయను. కానీ అలాంటి బిడ్డలను దేవుని కరుణకు అప్పగిస్తామని కతోలిక సత్యోపదేశమే చెబుతోంది. ప్రాణాపాయంలో ఎవరైనా నీళ్లు పోసి జ్ఞానస్నానం ఇవ్వవచ్చు కూడా. ఆరోగ్యంగా ఉన్న పాపకు ఈ దొంగచాటు దేనికి?

తల్లిదండ్రులలో ఒక్కరి సమ్మతి చాలునన్నది నిజమే. అయితే బిడ్డ కతోలిక విశ్వాసంలో పెరుగుతుందన్న ఆశ కూడా ఉండాలని అదే నియమం అంటుంది. తండ్రిని మోసగించిన ఇంట్లో ఆ ఆశ ఎలా నిలుస్తుంది? జ్ఞానస్నాన సమయంలో, బిడ్డకు ఏం పేరు పెట్టారని గురువుగారు (ఫాదర్) మొదట అడిగేది తల్లిదండ్రులనే. పాస్కా (ఈస్టర్) కొవ్వొత్తి నుండి పాప కొవ్వొత్తిని మామూలుగా తండ్రి గాని జ్ఞానతండ్రి గాని వెలిగిస్తారు; చివర తల్లికీ తండ్రికీ వేరువేరుగా ఆశీర్వాదం ఉంది. జ్ఞానస్నానం ఒక్కసారే జరుగుతుంది. తర్వాత మీరు ఎంత క్షమాపణ చెప్పుకున్నా, ఆయన లేకుండా జరిగిన ఆ కార్యాన్ని ఆయన ఎదుట మళ్లీ జరిపించలేరు.

ఆయన వీక్లీ ఆఫ్ రోజున, అమ్మలిద్దరూ లేని చోట, ఆ వాగ్దానం సంగతి మీ నోటితోనే ఎత్తండి. ఒప్పుకుంటే ఇద్దరూ కలిసి మీ విచారణ (పారిష్) గురువుల దగ్గరకు వెళ్లండి. కాదంటే ఆ కాదన్న మాటనూ దాచకుండా గురువులకే చెప్పండి. ఈలోగా మీ అమ్మగారు కబురు పంపితే, ఇది నేనూ ఆయనా తేల్చుకోవలసిన విషయమని చెప్పండి.