ఆ బాస్‌మ్యాన్‌కి అడ్వాన్స్ ఇచ్చేముందు

చిన్నా,

నువ్వు పంపిన ఫొటోలు రాత్రి కూర్చుని పెద్దవి చేసి చూశాను. నల్ల ప్యానెల్ ఫెండర్ బాస్‌మ్యాన్ హెడ్, అంటే స్పీకర్లు లేకుండా విడిగా ఉండే బేస్ గిటార్ ఆంప్లిఫయర్, 1965 నాటిది, ఒక్క స్క్రూ కూడా మారలేదని అమ్మే ఆయన అంటున్నాడని రాశావు. నిజమే కావచ్చు. కానీ ఆయన మాట, నీ తొందర, రెండూ కాసేపు పక్కన పెట్టు. సీరియల్ నంబర్‌ని కూడా పక్కనే పెట్టు, ఎందుకంటే అది ఛాసీ, అంటే సామాను బిగించే రేకు చట్రం, మీద కొట్టిన అంకె. ఛాసీ ఎప్పటిదో అంచనా కట్టడానికి పనికొస్తుంది తప్ప లోపలి సామాను గురించీ బయటి పెట్టె గురించీ ఏమీ చెప్పదు.

ఇందులో రెండు ప్రశ్నలున్నాయి, చాలామంది రెంటినీ కలిపేసి మోసపోతారు. ఆ కంపెనీ ఆ కాలంలో చేసిన ఆంపేనా అన్నది ఒకటి. చేసినప్పటి సామానుతోనే ఇప్పటికీ ఉందా అన్నది ఇంకొకటి. ఆంపెగ్ అనే ఇంకో కంపెనీ చేసిన ఎస్‌వీటీ అనే బేస్ ఆంప్ సంగతి చూడు. 1969లో వచ్చినప్పుడు దాని పవర్ ట్యూబులు (శబ్దాన్ని పెద్దది చేసే గాజు బుడ్లు) 6146 రకం, ఆ తర్వాత కంపెనీయే 6550కి మారింది, అంతకుముందు అమ్మినవాటిలో కూడా చాలావాటిని 6550కి మార్పించుకున్నారు. అలా మార్చిన తొలి ఎస్‌వీటీ నకిలీ కాదు, అసలైనదే, కానీ మార్పులు లేనిది అని చెప్పి అమ్మితే అది అబద్ధం. ధర ఆ రెండో ప్రశ్న మీదే ఆధారపడుతుంది కాబట్టి నువ్వు ఎక్కువసేపు దాని దగ్గరే ఆగాలి.

అసలు సాక్ష్యం ట్రాన్స్‌ఫార్మర్ల మీద ఉంటుంది. వాటి మీద ముద్రించిన అంకెల్లో మొదటి మూడూ తయారీదారు కోడ్. 606 అంటే షూమాకర్, ఆ కాలపు ఫెండర్లలో నీకు తరచుగా కనబడేది ఇదే. తర్వాతి అంకె సంవత్సరం, చివరి రెండూ వారం. 606523 అని ఉంటే షూమాకర్ చేసింది, 5తో ముగిసే సంవత్సరం, 23వ వారం. 1955 కూడా కావచ్చు కదా అంటావు, కావచ్చు, కానీ నల్ల ప్యానెల్ బాస్‌మ్యాన్ 1964లో గానీ రాలేదు కాబట్టి ఇక్కడ ఆ అనుమానం అక్కర్లేదు. పవర్ ట్రాన్స్‌ఫార్మర్, ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్, చోక్ (చిన్న ట్రాన్స్‌ఫార్మర్‌లా కనబడే తీగచుట్ట), ఈ మూడింటి తేదీలూ దగ్గరదగ్గరగా ఉండాలి. వాల్యూమ్, టోన్ పాట్‌ల (తిప్పే గుండీల లోపలి భాగాల) వెనక కూడా దాదాపు ఇదే పద్ధతి, అయితే ఆ కాలపు వాటి మీద సంవత్సరం రెండంకెల్లో ఉంటుంది, 137 అంటే సీటీఎస్, 304 అంటే స్టాక్‌పోల్. కాకపోతే పాట్‌లు ఒకేసారి బోలెడు కొని నిల్వ పెట్టుకునేవాళ్లు, అవి ఆంప్ కంటే కొన్ని నెలలు పాతవైతే కంగారు పడకు. అన్నిటికంటే ఆలస్యపు తేదీ ఏ భాగం మీద ఉందో చూడు, ఆ భాగం ఫ్యాక్టరీలో పెట్టినదే అయితే ఆంప్ అంతకంటే ముందుది కాలేదు, మిగతావాటికి అది మరీ దూరంగా ఉంటే దాన్ని మార్చారన్నమాట.

నేను దెబ్బ తిన్నది సరిగ్గా ఇక్కడే. ఒకప్పుడు ఒక దుకాణంలో ఇలాంటిదే ఒకటి కొన్నాను, పాట్‌ల తేదీలు చక్కగా కలిశాయి, ఆ సంబరంలో ట్రాన్స్‌ఫార్మర్ వైపు చూడనే లేదు, ఇంటికి తెచ్చి వెనక పలక తీస్తే ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ పదేళ్ల తర్వాతది. వైర్లు మధ్యలో అతికి టేపు చుట్టారు, బోల్టుల పక్కన ఛాసీ రేకు మీద పాత ట్రాన్స్‌ఫార్మర్ కూర్చున్న మచ్చ ఇంకా అలాగే ఉంది. అలాంటి మచ్చలు, వాడకుండా మిగిలిపోయిన బోల్టు కన్నాలు, వీటిని తప్పకుండా వెతుకు.

తర్వాత సోల్డర్. ఫ్యాక్టరీ సోల్డర్ అరవై ఏళ్లలో మసకబారుతుంది. ఒక్కచోట మాత్రం మెరుస్తున్నా, చుట్టూ ఫ్లక్స్ (సోల్డర్ అంటుకోవడానికి రాసే పదార్థం) మరకలున్నా, పక్క వైరు తొడుగు కాలి ముడుచుకున్నా అక్కడ ఎవరో చెయ్యి పెట్టారు. ఈ హెడ్‌లో సామానంతా ఐలెట్‌లు (చిన్న లోహపు రింగులు) కొట్టిన ఫైబర్ బోర్డు మీద, గుడ్డ తొడుగు వైర్లతో చేత్తో బిగించి ఉండాలి, ప్రింటెడ్ సర్క్యూట్ బోర్డు కనబడితే ఇంకేమీ చూడక్కర్లేదు, వచ్చేసెయ్. అయితే ఈ గుర్తు ఈ మోడల్‌కి మాత్రమే, ప్రింటెడ్ బోర్డు వాడిన పాత ఆంప్‌లు వేరే ఉన్నాయి.

లోపల చూడటం అంటే నువ్వు చెయ్యి పెట్టడం కాదు, ఈ మాట మాత్రం గట్టిగా చెబుతున్నా. ప్లగ్ తీసేసినా కెపాసిటర్లలో 400 వోల్టులకు పైగా నిలిచి ఉండొచ్చు. ట్యూబ్ ఆంప్‌లు తెలిసిన టెక్నీషియన్‌ని తీసుకెళ్లు, ఛార్జి తీసేయడం ఆయన పని, ఫొటోలు నీ పని. ఎన్నో ఏళ్లుగా ఆన్ చెయ్యని ఆంప్ అయితే ఆయన చెప్పేదాకా స్విచ్ వెయ్యనివ్వకు, స్పీకర్ తగిలించకుండా అసలే వెయ్యనివ్వకు.

కొన్ని మార్పులకు మాత్రం ధర తగ్గించమని అడగకు. రేకు మూత కింద ఉండే ఫిల్టర్ కెపాసిటర్లు ఇన్నేళ్లకి మార్చి ఉండటమే మంచిది, ఎండిపోయిన పాతవి ట్రాన్స్‌ఫార్మర్‌ని కూడా తగలబెట్టగలవు. రెండు పిన్నుల వైరు తీసేసి ఎర్త్ ఉన్న మూడు పిన్నుల వైరు వేయడం కూడా అంతే, నీ ప్రాణం కోసం చేసిన పని. తీసేసిన పాత భాగాలు దాచారా అని అడుగు, దాచి ఉంటే ఆయన జాగ్రత్త గల మనిషి అని నాకు నమ్మకం కుదురుతుంది.

ఏ ట్యూబ్ ఎక్కడ పెట్టాలో చూపే ట్యూబ్ చార్ట్ కాగితం లోపల అతికించి ఉంటుంది, దాని మీద రెండు ఇంగ్లీషు అక్షరాల ముద్ర ఉంటుంది. మొదటిది సంవత్సరం, ఏ అంటే 1951 నుంచి లెక్క, అలా ఓ అంటే 1965. రెండోది నెల. ఇలాంటి కాగితాలు ఇప్పుడు కొత్తగా అచ్చు వేసి అమ్ముతున్నారు, అందుకని కాగితం రంగు, అంచుల దగ్గర జిగురు చూడు. 1965 జనవరిలో ఫెండర్‌ని సీబీఎస్ అనే అమెరికన్ ప్రసార సంస్థ కొన్నది, ఆ తర్వాతే ప్యానెల్ మీద కంపెనీ పేరు మారింది, కానీ ఒక్కరోజులో కాదు, కాబట్టి ఆ ఏడాది ఆంప్ మీద పాత పేరున్నా అనుమానించకు.

దాంతోపాటు ఇస్తానంటున్న రెండు 12 అంగుళాల స్పీకర్ల క్యాబినెట్‌ని విడిగా లెక్కగట్టు. బేస్ ఆంప్ స్పీకర్లు ఎంత దెబ్బ తింటాయో నీకు తెలుసు, అరవై ఏళ్లు వాయించాక కోన్ (స్పీకర్‌లో కదిలే కాగితపు గరాటు) చిరగకపోవడమే అరుదు. ఫ్రేమ్ మీద కోడ్ పాతదే ఉండి కోన్ కొత్తగా వేసి ఉండొచ్చు, అంచున జిగురు, మధ్యలో డస్ట్ క్యాప్, టెర్మినల్ దగ్గర సోల్డర్ చూస్తే తెలిసిపోతుంది. పెట్టె పైన టాలెక్స్ (అతికించిన వినైల్ తొడుగు) మళ్లీ వేశారేమో చూడాలంటే హ్యాండిల్ స్క్రూల కింద, లోపలి అంచుల్లో పిన్నులు పీకిన కన్నాల కోసం వెతుకు.

ఆదివారం వెళ్తున్నావు కదా, ముందురోజే ఆయనకి ఫోన్ చేసి వెనక పలక తీసి చూపిస్తారా అని అడుగు. వద్దంటే వెళ్లకు. సరేనంటే మూడు ట్రాన్స్‌ఫార్మర్ల అంకెలు, అన్ని పాట్‌ల వెనక భాగాలు వెలుతురులో స్పష్టంగా తీసి నాకు పంపు, నేను చూసి చెప్పేదాకా అడ్వాన్స్ ఇవ్వకు.

నీ బాబాయి