కవరు కొలత కార్డే చెబుతుంది

చిరంజీవి అమ్మాయికి,

పెద్దమ్మ ఆశీస్సులు. కటింగ్ మెషీన్ కొన్నావనీ, తమ్ముడి పెళ్ళికి దగ్గరి చుట్టాల కోసం శుభలేఖలు చేతితోనే చేస్తున్నావనీ మీ అమ్మ చెప్పింది. కార్డు ఫోటో చూశాను, బాగుంది. కవర్లు మాత్రం కుదరడం లేదనీ, ఇంటర్నెట్‌లో కవరు డిజైన్ ఫైళ్ళు ఒకదాని తరువాత ఒకటి కొంటున్నావనీ కూడా చెప్పింది. ముందు ఆ కొనడం ఆపు.

ఆ ఫైళ్ళు చెడ్డవని కాదు. అవి వేరెవరి కార్డుకో గీసినవి. వాటిలో చాలా వరకు అమెరికా కొలతలు. నువ్వు ఎ4 షీటును సగానికి కోసి, ఆ సగాన్ని మళ్ళీ మడిచి కార్డు చేస్తున్నావు. అంటే అది ఎ6, 105 మిల్లీమీటర్లకు 148. అమెరికాలో బాగా వాడే చిన్న కార్డు కవరు 4.375 అంగుళాలకు 5.75. మిల్లీమీటర్లలో 111కి 146. నీ కార్డు పొడవు 148, కవరు పొడవు 146. ఇక ఎంత నెమ్మదిగా తోసినా ఎలా దూరుతుంది? ఫైలును తెర మీద సాగదీసి సరిపెడదామనుకుంటే వెడల్పూ సాగుతుంది, కార్డు లోపల అటూ ఇటూ జారుతుంది. మెషీన్‌కు నీ కార్డు కనబడదు. ఇచ్చిన గీతను కోయడమే దాని పని. కాబట్టి ఆ గీత నువ్వే గీయాలి. అదేమీ పెద్ద లెక్క కాదు.

కార్డు పూర్తిగా తయారయ్యాకే కొలవాలి. పువ్వు, ముత్యాలు, రిబ్బను అన్నీ అంటించి, జిగురు ఆరాక, దాని మీద ఒక బరువైన పుస్తకం పెట్టి మందం చూడు. ఫోటోలో కనిపించిన ఆ కాగితపు తామర ఎంత నొక్కినా 3 మిల్లీమీటర్లు ఉంటుందనుకుంటున్నాను. పొడవుకూ వెడల్పుకూ ఆ మందాన్ని కలిపి, ఆపైన మరో 6 మిల్లీమీటర్లు చేర్చు. అప్పుడు నీ కవరు 114కి 157 అవుతుంది. ఆ 6 మిల్లీమీటర్లు చాలామందికి ఎక్కువనిపిస్తాయి, తగ్గిస్తారు. తగ్గించకు. కవరులోంచి కార్డు తీసేది పెద్దవాళ్ళ వేళ్ళు, చాలాసార్లు కళ్ళజోడు కూడా లేకుండా.

ఇప్పుడు ఆకారం. ఐమూలగా మడిచే కవరుతో మొదలుపెట్టు, చతురస్రపు కాగితం చాలు. కవరు పొడవు, వెడల్పు కలిపి 1.414తో భాగించు. 114, 157 కలిపితే 271, భాగిస్తే 192. ఇంతే కాగితంతో చేస్తే పక్క రెక్కలూ కింది రెక్కా అంచుకు అంచు తగిలి ఆగిపోతాయి, జిగురు పెట్టడానికి చోటుండదు. అందుకని 12 కలుపు, 204 అవుతుంది. ఆ 12 మిల్లీమీటర్లూ రెక్కలు ఒకదాని మీద ఒకటి ఎక్కే పట్టీ. ఎ4 షీటు వెడల్పు 210 కదా, ఇది అందులోనే వస్తుంది. సగం ఎ4 కార్డుకు ఒక పూర్తి ఎ4 కవరు అని గుర్తుంచుకుంటే కాగితం ఎంత కావాలో కూడా తేలిపోతుంది. ఎ4ను ఒకసారే మడిచిన పెద్ద కార్డయితే అదే లెక్కకు 278 వస్తుంది, దానికి 12 అంగుళాల షీటు కావాలి.

తెర మీద 204 చతురస్రం గీసి 45 డిగ్రీలు తిప్పు. దాని నడిమధ్యలో 114కి 157 దీర్ఘచతురస్రాన్ని మడత గీతలుగా పెట్టు. ఆ దీర్ఘచతురస్రం నాలుగు మూలల దగ్గరా, మూల నుంచి కాగితం అంచు దాకా, చిన్న త్రికోణపు ముక్క తీసెయ్యి. మూలకు ఇవతలికి ఒక మిల్లీమీటరు ఎక్కువే పోనీ, మడిచేటప్పుడు కాగితం ముద్ద కట్టదు. రెక్కల కొసలను కాస్త గుండ్రం చెయ్యి. నీ మెషీన్‌ను నడిపే క్రికట్ సాఫ్ట్‌వేర్‌లో కోత గీతనూ మడత గీతలనూ కలిపి ఎంచుకుని ‘అటాచ్’ నొక్కడం మరిచిపోకు. నొక్కకపోతే మడత గీతలను అది విడి బొమ్మగా భావించి షీటులో మరో మూలకు తీసుకుపోతుంది. కొత్తవాళ్ళు మెషీన్ చెడిపోయిందని కంగారుపడేది ఎక్కువగా ఇక్కడే.

మొదటి కవరు పాత క్యాలెండరు కాగితం మీద కోసి, మడిచి, కార్డు పెట్టి చూడు. మంచి కాగితం ముట్టుకునేది ఆ తరువాతే.

కాగితం సంగతి వచ్చింది కనుక వివరంగానే రాస్తాను. మీ పెద్దనాన్న ప్రెస్సులో పేస్టింగ్ బల్ల దగ్గర కూర్చున్నన్నాళ్ళూ నాకు తెలిసొచ్చినది ఇదే: కవరు కాగితానికి అందం కన్నా మడతకు నిలవడం ముఖ్యం. జిరాక్స్ కాగితం 70, 80 జి.ఎస్.ఎం. (చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములు తూగుతుందో ఆ లెక్క) ఉంటుంది, లోపలి అక్షరాలు బయటికి కనిపిస్తాయి. కార్డుకు వాడిన 300 జి.ఎస్.ఎం. తోనే కవరు కూడా చేద్దామనుకుంటావేమో, అది మడత దగ్గర పగిలి తెల్లటి గీత బయటపడుతుంది. కవరుకు 100 నుంచి 120 మధ్య సరిపోతుంది. బాండ్ పేపరు, మ్యాప్‌లితో, గోధుమరంగు క్రాఫ్ట్ ఏదైనా సరే. అట్టల షాపులో విడి షీట్లు కొనకు, పేపరు మర్చంటు దగ్గర 23కి 36 అంగుళాల పెద్ద షీటు అడుగు. అతనే కటింగ్ చేయించి ఇస్తాడు. ఆ షీటులో పదకొండున్నరకు 12 అంగుళాల ముక్కలు ఆరు వస్తాయి, మెషీన్‌లోకి పంపేటప్పుడు కాగితాన్ని అంటించే నీ జిగురు మ్యాటు మీద చక్కగా కూర్చుంటాయి. హైదరాబాద్ వెళ్ళే పని పడితే ఛత్తాబజారులో పెళ్ళికార్డుల దుకాణాలు ఒకసారి చుట్టి రా. కొనకపోయినా పరవాలేదు. ఏ కాగితాన్ని ఎలా మడిచారో తిప్పి చూసి వస్తే చాలు.

చేతితో తయారైన నారల కాగితం చూడముచ్చటగా ఉంటుంది కానీ మెషీన్‌లో పెట్టకు. బ్లేడు ఆ నారలను కోయకుండా లాగుతుంది, అంచు చిరుగుతుంది. దానిమీద మోజుంటే స్కేలూ కత్తీ పట్టుకుని కోసుకో. మెరుపు పూత ఉన్న షిమ్మర్ కాగితం చక్కగా తెగుతుంది. కానీ మనకు శుభలేఖ నాలుగు మూలలా పసుపు పెట్టడం ఉంది కదా. ఆ పూత మీద తడి పసుపు ఇంకదు, ఆరాక పొడిలా రాలి పక్క కార్డుల మీద పడుతుంది. పెళ్ళి కవరుకు పూత లేని కాగితమే నా మాట. పసుపు పల్చగా పెట్టి, పూర్తిగా ఆరనిచ్చి, అప్పుడే కట్టలు కట్టండి. మూలలు మరీ తడిస్తే అతుకు విడుతుంది.

మడత గీత మెషీన్ పెట్టే స్కోరింగ్ పుల్లతోనే రావాలి. ఆ పుల్ల లేనివాళ్ళు గీత వెంట చుక్కచుక్కలుగా కోయిస్తారు. వెలుతురులో ఆ రంధ్రాలు కనిపిస్తాయి, పదిసార్లు తెరిచి మూసేసరికి మూత ఊడి చేతికొస్తుంది. అంతకన్నా ఇంకు అయిపోయిన బాల్ పెన్ను, స్టీలు స్కేలు మేలు. మడిచేటప్పుడు గాడి బయటివైపు, దాని వెనుక ఉబ్బు లోపలివైపు ఉండాలి. బైండింగ్ వాళ్ళంతా చేసేది అంతే, మందపు కాగితం పగలదు. అంటే కవరు బయటివైపు పైకి కనిపించేలా షీటును మ్యాటు మీద పరచాలి. మడతను వేలితో కాక స్టీలు చెంచా వీపుతో ఒకే దిశలో రుద్దు. కాగితానికి నారవాలు ఉంటుంది, అంటే లోపలి నారలు ఎక్కువగా ఒకే దిశలో పరుచుకుని ఉంటాయి. దాని వెంట మడత సాఫీగా వస్తుంది, అడ్డంగా మొరాయిస్తుంది. కవరుకు రెండు వైపులా మడతలు తప్పవు కనుక నువ్వు చూడవలసిందల్లా మూత మడత నారవాలు వెంట పడిందా అని. రోజూ తెరిచి మూసేది అదే కదా.

కవరు మడిచే యంత్రానికి ఇంగ్లండులో ఎడ్విన్ హిల్, వారెన్ డి లా ర్యూ 1845లోనే పేటెంటు తీసుకున్నారు. ఇన్నేళ్ళ తరువాత నువ్వు కొన్న మెషీన్ కోస్తుంది, గీత పెడుతుంది, పెన్ను ఇస్తే రాస్తుంది. మడవడం, అంటించడం మాత్రం ఇంకా మన పనే. కాబట్టి కోతకు పట్టే సమయం చూసి లెక్క వేసుకోకు. సాయంత్రాలు మీ అమ్మను, అత్తను పక్కన కూర్చోబెట్టుకో. ఒకరు మడవడం, ఒకరు అంటించడం. పెళ్ళివారింట్లో చేతులకు కొదవేముంది!

కొత్త మ్యాటుకు జిగురు మరీ ఎక్కువ. శుభ్రమైన పాత నూలు చీర ముక్కతో రెండు మూడు చోట్ల అద్ది తీస్తే తగ్గుతుంది. కోశాక కాగితాన్ని లాగకు. మ్యాటును బోర్లించి, మ్యాటునే వెనక్కి వంచుతూ ఒలిచెయ్యి. లేకపోతే కవరు చుట్ట చుట్టుకుంటుంది. బ్లేడు మొండిగా తోస్తే అల్యూమినియం ఫాయిల్ ఉండలో కొన్నిసార్లు గుచ్చి తీయి. నీ కాగితం 120 అయితే సెట్టింగు కూడా పల్చటి కాగితానిదే ఎంచుకో.

పక్క రెక్కలు ముందు మడిచి, కింది రెక్కను వాటి మీదికి తెచ్చి అంటించాలి. జిగురును ఆ పట్టీ లోపలి అంచుకు 3 మిల్లీమీటర్లు ఇవతలే ఆపు. అంచు దాకా రాస్తే నొక్కినప్పుడు లోపలికి కారి కవరు తనకు తానే అతుక్కుంటుంది. నీళ్ళ జిగురు ఎక్కువైతే 100 జి.ఎస్.ఎం. ముడుతలు పడుతుంది. గ్లూ స్టిక్కో, రెండువైపులా అంటే టేపో వాడు. మీ పెద్దనాన్న ఇప్పటికీ మైదా జిగురే గొప్పదంటారు. నిజమే కానీ అందులో పురుగు పట్టకుండా మైలుతుత్తం కలుపుతారు. అది విషం. నాలుకతో తడిపి మూసే చోట దాన్ని రాయనే కూడదు. అలా తడిపి మూసే కవర్లే కావాలంటే తుమ్మబంక నానబెట్టి, వడగట్టి, చిటికెడు పంచదార వేసి మూత అంచున రాసి ఆరబెట్టు. అయితే వానాకాలం మన ఊళ్ళలో అవి తడి తగలకుండానే మూసుకుపోతాయి, మధ్య బటర్ పేపరు పెట్టక తప్పదు. నన్నడిగితే చేతికిచ్చే శుభలేఖకు మూత అంటించనే అక్కర్లేదు, లోపలికి దోపితే చాలు. పోస్టులో వెళ్ళేవాటికే టేపు.

లోపల రంగుల అస్తరు వేస్తే ముచ్చటగా ఉంటుంది. అన్ని వైపులా 3 మిల్లీమీటర్లు చిన్నదిగా కోసి, మూత వైపు మాత్రమే అంటించు. మిగతాది వదిలెయ్యి, మడిచినప్పుడు జారడానికి చోటు కావాలి.

మూత మీద ‘శ్రీరస్తు శుభమస్తు’ కోయిద్దామని నీ ఆలోచన అట. రంధ్రాలుగా కోస్తే ‘ర’ మధ్యలోని గుండ్రం రాలిపోయి అక్షరం పెద్ద బొక్కగా మిగులుతుంది. లోపలి ముక్కను పట్టి ఉంచేలా ఒకటిన్నర మిల్లీమీటర్ల సన్నటి వంతెన గీయాలి. విడి అక్షరాలుగా కోసి అంటిద్దామంటే మరో చిక్కు: ‘స’, ‘ప’, ‘హ’ లాంటి వాటికి చాలా ఫాంట్లలో తలకట్టు ఒంటికి తగలదు, కింది ఒత్తులూ విడివిడిగానే ఉంటాయి. కోశాక బల్ల మీద తలకట్లు వెతుక్కోవలసి వస్తుంది. మాట చుట్టూ 2 మిల్లీమీటర్ల అంచు వేస్తే అన్నీ ఒకే ముక్కగా వస్తాయి. తెలుగు మాటను ఇంక్‌స్కేప్ అనే బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్‌లో రాసి, ఆకృతిగా మార్చి, ఎస్‌వీజీ (గీతల బొమ్మ) ఫైలుగా మెషీన్ సాఫ్ట్‌వేర్‌లోకి తీసుకుపో. ఒత్తులు చోటు తప్పలేదని అక్కడే చూసుకోవచ్చు. మెషీన్ పెన్నుతో తెలుగు చిరునామాలు రాయించే పని మానుకో. మామూలు ఫాంటుకు అది అంచులు మాత్రమే గీస్తుంది, అక్షరాలు డొల్లగా వస్తాయి. నీ చేతిరాత దానికన్నా బాగుంటుంది. ముదురు రంగు కవరయితే తెల్ల కాగితం ముక్క అంటించి, దాని మీద పిన్‌కోడ్ ఆరంకెలూ విడివిడిగా రాయి.

బరువు ఒకటి మిగిలింది. మామూలు ఉత్తరానికి తపాలా రేటు మొదటి 20 గ్రాములకు ఒకటి, ఆపైన ప్రతి 20 గ్రాములకూ అదనం. 300 జి.ఎస్.ఎం. సగం ఎ4 కార్డు 9 గ్రాముల పైచిలుకు, కవరు 5 గ్రాములు. తామర పువ్వు 5 గ్రాములు మించకపోతే ఒక్క రేటుతోనే పోతుంది. పెద్ద కార్డయితే అదొక్కటే 19 గ్రాములకు దగ్గర, కవరుతో కలిపి దాటుతుంది. వంటింటి కాటా మీద ఒకటి తూచి, ఆ తరువాతే స్టాంపులు కొను. అమెరికాలోని మీ అక్క అక్కడి స్నేహితులకు తనే పంచుతుందట కదా, చతురస్రపు కవర్లు మాత్రం పంపకు. అక్కడి తపాలా వాళ్ళు వాటికి అదనంగా వసూలు చేస్తారు.

క్యాలెండరు కాగితం మీద కోసిన మొదటి కవరును అంటించకుండా, విప్పినట్టుగానే, కొలతలు పెన్సిలుతో రాసి, కార్డుతో పాటు మీ నాన్న వచ్చేటప్పుడు పంపు. చూసి ఫోను చేస్తాను. కాగితానికి డబ్బు కట్టడం అంతవరకు ఆపు.

ఆశీస్సులతో,
పెద్దమ్మ