సంగీత సందేహాలు: పరాయి గ్రహం కథకు ఆర్కెస్ట్రా ఎందుకు?

ప్రశ్న: మిత్రులందరం కలిసి 20 నిమిషాల సైన్స్ ఫిక్షన్ లఘుచిత్రం తీశాము. దానికి నేపథ్య సంగీతం నేను సమకూరుస్తున్నాను. కథంతా వేరే గ్రహం మీద జరుగుతుంది కాబట్టి సింథసైజర్ ధ్వనులే సరిపోతాయని మావాళ్లు అంటున్నారు. నాకు మాత్రం నిండైన ఆర్కెస్ట్రా వినిపించాలని ఉంది. నా ఆలోచన సరైనదేనా? రాయడం ఎక్కడ మొదలుపెట్టాలి?
– సంగీత విద్యార్థి, రాజమహేంద్రవరం

సమాధానం: మీ మిత్రుల మాటకు చరిత్రలో ఆధారం ఉంది. 1951లో వచ్చిన ‘ది డే ది ఎర్త్ స్టూడ్ స్టిల్’ చిత్రానికి బెర్నార్డ్ హెర్మన్ మామూలు వయొలిన్ల బృందాన్ని పక్కనపెట్టి, ముట్టుకోకుండా గాలిలో చేతులు కదిలించి వాయించే థెరమిన్‌లను రెండింటిని, వాటితోపాటు ఎలక్ట్రిక్ వయొలిన్‌ను, హ్యామండ్ ఆర్గన్లను, బ్రాస్ వాద్యాలను వాడారు. 1956లో ‘ఫర్‌బిడెన్ ప్లానెట్’ చిత్రానికి లూయీ, బీబీ బారన్ దంపతులు స్వయంగా తయారుచేసుకున్న సర్క్యూట్ల ధ్వనులతోనే సంగీతమంతా కూర్చారు. అయితే హెర్మన్ సంగీతం అందించిన కథలో గ్రహాంతరవాసి మనకు తెలిసిన వాషింగ్టన్ నగరంలోకి వస్తాడు. కళ్లకు కనిపించే ఊరు పరిచితమైనదే కనుక, ఆ వచ్చినవాడి కొత్తదనాన్ని చెవికి అందించే పని సంగీతం మీద పడింది.

మీ కథలో పరిస్థితి తలకిందులుగా ఉంది. నేల, ఆకాశం, జీవులు అన్నీ ప్రేక్షకుడికి కొత్తవే అయినప్పుడు సంగీతం కూడా కొత్తగా ఉంటే, అతడు పట్టుకోవడానికి ఏ ఆధారమూ మిగలదు. 1977లో ‘స్టార్ వార్స్’ చిత్రానికి జాన్ విలియమ్స్ 19వ శతాబ్దపు సింఫొనీ సంప్రదాయాన్ని ఎంచుకోవడానికి కారణం ఇదే. దృశ్యం ఎంత అపరిచితమైనా భావం పరిచితంగా ఉండాలన్నది ఆయన, దర్శకుడు జార్జ్ లూకస్ కలిసి తీసుకున్న నిర్ణయం. ఆ సంగీతాన్ని అదే ఏడాది మార్చిలో లండన్ సింఫొనీ ఆర్కెస్ట్రాతో డెన్‌హామ్‌లోని యాన్విల్ స్టూడియోలో రికార్డు చేశారు. అందులో కథానాయకుడు ఇంటి బయట నిలబడి ఇద్దరు సూర్యులు అస్తమించడం చూసే సన్నివేశాన్ని శ్రద్ధగా వినండి. మొదట ఫ్రెంచ్ హార్న్ ఒక్కటే ఆ బాణీని మెల్లగా ఎత్తుకుంటుంది, తరువాత తీగ వాద్యాలు దానిని అందుకుని పైకి తీసుకువెళతాయి. ఆకాశంలో రెండు సూర్యబింబాలు ఉన్నా, మనకు తెలిసేది ఊరు వదిలి వెళ్లాలని తపించే కుర్రవాడి మనసే. అందుకే ఈ విషయంలో నేను మీ పక్షమే.

ఇక మొదలుపెట్టడం గురించి. ముందుగా దర్శకుడితో కూర్చుని సంగీతం ఎక్కడ రావాలో, ఎక్కడ రాకూడదో సెకన్లతో సహా రాసుకోండి. తరువాతది లెక్క. నిమిషానికి 120 బీట్ల టెంపోలో ఒక్కో బీటు అర సెకను, అంటే సెకనుకు 24 ఫ్రేముల చిత్రంలో 12 ఫ్రేములు. సన్నివేశం మొదలైన 31వ సెకనులో అంతరిక్షనౌక తలుపు తెరుచుకుంటుందనుకుందాం. అప్పటికి 62 బీట్లు పూర్తవుతాయి కనుక, నాలుగేసి బీట్ల గుంపులలో, అంటే బార్లలో, ఆ తలుపు 16వ బార్ మధ్యలో పడుతుంది, ఊపు చెడుతుంది. టెంపోను 116కు తగ్గిస్తే ఒక్క ఫ్రేముకన్నా తక్కువ తేడాతో 16వ బార్ మొదటి బీటు మీదకు వస్తుంది. టెంపో మార్చడం ఇష్టం లేకపోతే, అంతకుముందు ఎక్కడో ఒక చోట రెండు బీట్ల బార్‌ను చేర్చుకోవచ్చు. వినేవారికి తెలియని ఈ సర్దుబాట్లలోనే సినిమా సంగీతకారుడి నేర్పు దాగి ఉంటుంది.

వాద్యాలకు రాసేటప్పుడు వాయించే మనిషిని మరవకండి. శాంపిల్ హార్న్, అంటే ముందే రికార్డు చేసి కంప్యూటర్‌లో ఉంచిన హార్న్ ధ్వని, ఎంతసేపైనా ఊదుతుంది కానీ మనిషి ఊపిరి తీసుకోవాలి, పెదవులకు విశ్రాంతి కావాలి. శాంపిల్స్‌తోనే పనిచేస్తున్నా ఆ విరామాలు ఉంచితే బాణీలోని సంగీత వాక్యాలు సహజంగా విరుగుతాయి. స్కోరును, అంటే రాసిన స్వరపత్రాన్ని, మనుషుల చేతికి ఇచ్చే పక్షంలో, ఎఫ్ హార్న్‌కు (ఫ్రెంచ్ హార్న్‌కు) రాసిన స్వరం పంచమం కిందికి పలుకుతుందని, అంటే ‘సి’ వినిపించాలంటే ‘జి’ రాయాలని గుర్తుంచుకోండి. మాటలు నడిచే చోట వయొలిన్లను పాత్రల గొంతు స్థాయిలో తిరగనివ్వకుండా, చెల్లోలు, డబుల్ బేస్‌లను కింద ఆనించి, అవసరమైతే పైన సన్నటి స్వరం ఒకటి నిలపండి.

వీలైతే శాంపిల్స్ మీద ఒక్క నిజమైన వయొలిన్‌నైనా రికార్డు చేయండి, బృందమంతటికీ ప్రాణం వస్తుంది. మన ప్రాంతంలో కర్ణాటక సంగీత వయొలిన్ విద్వాంసులకు కొరత లేదు. అయితే వారు తీగలను స-ప-స-పగా శ్రుతి చేసుకుంటారు, పాశ్చాత్య పద్ధతిలో నాలుగు తీగలూ పంచమం దూరంలో ఉంటాయి. కాబట్టి మీ బాణీకి ఆధార షడ్జమం ఏదో ముందే చెప్పి, గమకం లేకుండా నిలకడగా పలకవలసిన స్వరాలేవో వారితో కూర్చుని గుర్తించండి.

ప్రశ్న: మా దర్శకుడు ఎడిటింగ్ సమయంలో ఒక ప్రసిద్ధ సింఫొనీని తాత్కాలికంగా పెట్టుకున్నారు. ఇప్పుడు నేను ఏం చేసినా అదే బాగుందంటున్నారు. దారి ఏమిటి?
– వర్ధమాన సంగీత దర్శకుడు, హైదరాబాద్

సమాధానం: ఈ ఇబ్బంది మహామహులకూ తప్పలేదు. ‘2001: ఎ స్పేస్ ఒడిస్సీ’ కోసం అలెక్స్ నార్త్ సంగీతం రాసి, 1968 ఆరంభంలో లండన్‌లో రికార్డు కూడా చేశారు. దర్శకుడు స్టాన్లీ కూబ్రిక్ మాత్రం ఎడిటింగ్‌లో వాడుకున్న రిచర్డ్ స్ట్రాస్, యోహాన్ స్ట్రాస్, లిగెటి రచనలనే చివరిదాకా ఉంచుకున్నారు. తన సంగీతం సినిమాలో లేదన్న సంగతి నార్త్‌కు న్యూయార్క్‌లో చిత్రం చూసినప్పుడే తెలిసింది. ఆయన మరణానంతరం, 1993లో మిత్రుడు జెర్రీ గోల్డ్‌స్మిత్ ఆ స్కోరును నేషనల్ ఫిల్హార్మోనిక్ ఆర్కెస్ట్రాతో రికార్డు చేయించి వెలుగులోకి తెచ్చారు. కూబ్రిక్ ఎంపిక ఆ చిత్రానికి మేలే చేసిందని నా అభిప్రాయం, అయినా సంగీతకారుడికి ముందుగా చెప్పకపోవడం అన్యాయం.

మీరు చేయవలసిందల్లా, ఆ సింఫొనీలో మీ దర్శకుడికి నచ్చినదేమిటో విడదీసి అడగడం. దానిని ఆయన పక్కన కూర్చుని సన్నివేశంతోపాటు వినండి. అదే టెంపోలో కేవలం పియానో మీద మీ బాణీ వినిపించండి. తరువాత ఆ సన్నివేశాన్ని సంగీతమే లేకుండా చూపించండి. నచ్చినది వేగమా, హార్న్‌ల గాంభీర్యమా, లేక ఎడిటింగ్ గదిలో చాలాసార్లు విన్న అలవాటా అన్నది అప్పుడు ఇద్దరికీ స్పష్టమవుతుంది. వేగమైతే ఆ టెంపోను అలాగే ఉంచి బాణీ మీది రాయండి. అలవాటే అయితే, ఆ సింఫొనీ తీసేసిన కాపీని కొన్నాళ్లు చూడమని కోరండి.