భయపడితే భక్తి లేనట్టేనా?

ప్రశ్న: మాది ఎర్రగుంట్ల దగ్గర పల్లె. మా ఆయన లారీకి కడప బండలు లోడు చేసుకుని చెన్నైకి పోతుంటాడు. పోయినేడు ఆయన స్నేహితుడు యాక్సిడెంట్లో పోయినప్పటి నుంచి నాకు రాత్రిళ్లు గుండె దడ, చేతులు చల్లబడతాయి, ఊరికే ఫోన్ చేస్తుంటా. గండి ఆంజనేయస్వామికి, ఒంటిమిట్ట రాముడికి, దేవుని కడప స్వామికి మొక్కుకున్నా. అయినా భయం పోలేదు. "దేవుడి మీద నమ్మకముంటే ఇంత భయమెందుకు?" అంటుంది మా అత్త. నా భక్తిలో లోపముందా?

జవాబు: లోపమేమీ లేదమ్మా. మొసలి నోట్లో కాలు చిక్కిన గజేంద్రుడు ధైర్యంగా ఉండి పిలిచాడా దేవుణ్ణి? ఒంట్లో ఓపికంతా అయిపోయి, ప్రాణభయంతోనే కదా మొరపెట్టుకుంది! ఆ కథ మీ అత్తగారికీ తెలుసు, ఈసారి అంటే గుర్తు చేయండి.

కానీ ఒక మాట, నిష్ఠూరంగా ఉన్నా చెప్తా. మొక్కు మొక్కి, అరగంట తిరక్కుండానే ఫోన్ తీస్తున్నారంటే, మీరు దేవుడికి అప్పజెప్పలేదు, ఆయన పక్కన కూర్చుని కాపలా కాస్తున్నారు. మీ ఆయన ఫోన్ ఎత్తగానే హమ్మయ్య అనిపిస్తుంది, కాసేపటికే "ఇప్పుడెట్లున్నాడో" అని మొదలవుతుంది, మళ్లీ చేస్తారు. ఆ హమ్మయ్యే మీ భయానికి మేత. మొక్కు మీద మొక్కు కూడా అంతే. పైగా అర్ధరాత్రి రాజంపేట, కోడూరు రోడ్డు మీద బండల లోడుతో పోయే మనిషి ఒక చేత్తో స్టీరింగు, ఇంకో చేత్తో ఫోను పట్టుకుంటే ఏమవుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు.

కాబట్టి ఈసారి ఆయన ఇంటికొచ్చినప్పుడు కూర్చోబెట్టి మాట్లాడుకోండి. ఒంటిమిట్టలో టీకి ఆపినప్పుడు ఒకసారి, చెన్నైలో లోడు దించాక ఒకసారి, ఆయనే ఫోన్ చేయాలి, మీరు చేయకూడదు. బయల్దేరే ముందు నిద్ర చాలిందా, బ్రేకులు చూపించావా, బెల్టు పెట్టుకుంటున్నావా అని గట్టిగా అడగండి, అది మీ హక్కు. తర్వాత దీపం దగ్గర నిలబడి మీ మాటల్లోనే చెప్పండి: "స్వామీ, నాకు భయంగా ఉంది. రోడ్డు నువ్వు చూసుకో, పిల్లల్ని నేను చూసుకుంటా." ఒక్కసారి చాలు, రాత్రంతా గుర్తు చేస్తే తప్ప వినని దేవుడు కాదు ఆయన.

మధ్యలో దడ వస్తుంది, మొదట్లో ఎక్కువే వస్తుంది. ఫోన్ వేరే గదిలో పెట్టి, గాలి మెల్లగా వదులుతూ "రామా" అని సాగదీయండి. అది కొన్ని నిమిషాల్లో పైకెక్కి దానంతటదే దిగుతుంది, మీరు చేయాల్సింది అది దిగేదాకా ఫోన్ జోలికి పోకుండా ఉండటమే.

దడకు రక్తం తక్కువవడం, థైరాయిడ్ కూడా కారణం కావచ్చు, ముందు ఆ పరీక్షలు చేయించండి. అవి బాగున్నా నిద్ర పట్టకపోతే కడప రిమ్స్‌లో మానసిక వైద్యులకు చూపించండి, లేదా మానసిక సాయం కోసం ఉన్న 14416 నంబరుకు ఫోన్ చేయండి, ప్రభుత్వానిదే, ఏ వేళైనా ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు. గుళికలు రాస్తే వేసుకోండి, దేవుడికేం కోపం రాదు.

ఇక ఆ మొక్కులా? కొత్తవి ఆపండి. ఉన్నవి మీ ఆయనకు లోడు లేని వారం చూసుకుని, పిల్లల్ని తీసుకుని నిదానంగా తీర్చుకోండి.