ఆ ఫొటోలో ఉన్నది వల్తావా కాదు

చిరంజీవికి,

చెక్ దేశంలో, ప్రాగ్‌కి ఉత్తరాన ఉన్న మ్యెల్నిక్ జిల్లా మీద నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. హోర్జీన్ లాకులో నీళ్ళు దిగేదాకా పడవ ఆగి ఉండే పేరా బాగుంది. కానీ మొదటి ఫొటో దగ్గరే నా మనసు ఆగిపోయింది.

మ్యెల్నిక్ కోట అరుగు మీంచి తీసిన ఆ ఫొటో కింద "వల్తావా నది వచ్చి లాబే నదిలో కలిసే చోటు" అని రాశావు. కుడిచేతివైపు తిన్నగా, కట్టిన గట్ల మధ్య కనిపించేది వల్తావా కాదు, కాలువ. వ్రాన్యానీ నుంచి హోర్జీన్ దాకా దాదాపు పది కిలోమీటర్లు తవ్వారు. 1905లో లాకు కట్టడం పూర్తయింది. అసలు వల్తావా ఎడమచేతివైపు, చెట్ల చాటున, చడీచప్పుడు లేకుండా కలుస్తుంది. కోట నుంచి చూసేవాళ్ళలో చాలామంది కాలువనే నది అనుకుంటారు. చూడటానికి వచ్చినవాళ్ళు పొరబడితే నష్టం లేదు. రాసేవాళ్ళు పొరబడితే చదివిన ప్రతివాడికీ ఆ తప్పు అంటుకుంటుంది.

కాలువ ఎందుకు తవ్వారో కూడా నువ్వు రాయలేదు. సంగమానికి ముందు వల్తావా వంకరలు తిరుగుతుంది, లోతు చాలదు, సరుకు పడవలు నడవవు. అందుకని వ్రాన్యానీ ఆనకట్ట దగ్గర పడవల్ని కాలువలోకి మళ్ళించి, ఆ వాలునంతా చివర్లో హోర్జీన్ లాకు ఒక్కదానితోనే దింపుతారు. దిగేది ఎనిమిది మీటర్లకు పైనే. లాకు మీది వంతెన కింద ఎత్తయిన పడవలు పట్టేవి కావు. అందుకే ఈమధ్య పాత రూపు చెడకుండా ఆ వంతెనను హైడ్రాలిక్ యంత్రాలతో పైకి లేచేలా మార్చారు. నీ పడవ పేరాకి ఈ రెండు వాక్యాలు తోడైతే, అది అక్కడ ఎందుకు ఆగిందో పాఠకుడికి తెలుస్తుంది.

ఇక పేర్లు. వల్తావాని "ఉపనది" అని ఒక్క మాటతో వదిలేశావు. వల్తావా పొడవు 430 కిలోమీటర్లు. చెక్ గడ్డ మీద లాబే మొత్తం పొడవే సుమారు 370, అందులో సంగమం దిగువ భాగం కూడా ఉంది. సంగమం దగ్గర నీళ్ళు కూడా వల్తావావే ఎక్కువ. అయినా పేరు లాబేదే నిలిచింది. ఆ సంగతి అక్కడే చెప్పాలి. వ్యాసమంతా లాబే అనే రాయి. జర్మనీలోకి వెళ్ళాకే ఎల్బే. ఒక పేరాలో అదీ ఇంకో పేరాలో ఇదీ రాస్తే రెండు నదులనుకుంటారు.

నేను గట్టిగా నమ్మే మాట ఒకటుంది: రాజధాని పక్కనున్న జిల్లాని నీళ్ళ వెంటే రాయాలి. ప్రాగ్ దాటిన వల్తావా ముందు క్రాలుపీకి వస్తుంది. అక్కడ చమురు శుద్ధి, కృత్రిమ రబ్బరు కర్మాగారాలు ఉన్నాయి. కాస్త దిగువన నెలహోజెవెస్. 1841లో సంగీతకర్త ద్వోర్జాక్ పుట్టిన ఊరు. ఎదురు ఒడ్డున వెల్త్రూసీ భవనం, 2002 వరదలో మునిగింది. లాబే వైపు వెళ్తే నెరాతోవిత్సే. అదే వరదల్లో అక్కడి రసాయనాల ఫ్యాక్టరీ నుంచి క్లోరిన్ లీకైంది. సంగమం దిగువన హోర్నీ పొచాప్లీలో బొగ్గు విద్యుత్ కేంద్రాలు. అక్కడ కాగిన నీళ్ళు ముప్పై కిలోమీటర్లకు పైగా గొట్టంలో ప్రయాణం చేసి ప్రాగ్ ఇళ్ళను వెచ్చబరుస్తాయి. ఆ కేంద్రాల్లో ఒకదాన్ని 2021లో మూసేశారు. నది కిందికి పోతుంటే వేడి పైకి పోతోంది. నీ వ్యాసానికి వెన్నెముక ఇదే. నువ్వేమో ఫ్యాక్టరీలన్నీ ఒక పేరాలో, కోటలన్నీ ఇంకో పేరాలో కుప్ప పోశావు. కొకోర్జీన్ ఇసుకరాతి లోయ కూడా నీటి కథే: అక్కడి ప్షోవ్కా వాగు మ్యెల్నిక్ దగ్గరే లాబేలో కలుస్తుంది.

ద్రాక్షతోటల గురించి రెండు ముక్కలు చాలు. చెక్ రాజు నాలుగో కార్ల్ ఫ్రాన్స్‌లోని బుర్గుండీ నుంచి తీగలు తెప్పించాడన్నది, కోట కింది వాలు మీద ఇప్పటికీ తోటలున్నాయన్నది.

రెండు తప్పులు దిద్దుకో. "జిల్లా యంత్రాంగం" అన్నావు. మన జిల్లా అనగానే కలెక్టర్ గుర్తొస్తాడు, అక్కడ అలాంటివాడు లేడు. జిల్లా కార్యాలయాలను 2002 చివర్లోనే ఎత్తేశారు. జిల్లా హద్దు మాత్రం మిగిలింది, అధికారం ప్రాంతీయ పాలనకీ పట్టణాలకీ పోయింది. రెండోది, మ్యెల్నిక్ కోటా నెలహోజెవెస్ కోటా "ఒకే లోబ్కోవిత్స్ కుటుంబానివి" అన్నావు. వంశం ఒకటే, శాఖలు వేరు.

సంపాదకులు నిన్ను తొందరపెడతారు. "చెక్ దేశపు విజయవాడ" అని శీర్షిక పెట్టమంటారు, నది పొడవులు కొట్టేసి "కనువిందు" అని చేర్చమంటారు. ఒప్పుకోకు. ఆ మాట ఏ ఊరికైనా అతుకుతుంది, 430 మాత్రం వల్తావాకే అతుకుతుంది. ఈ ఇరవై ఏళ్ళలో మన పత్రికల్లో యాత్రా వ్యాసాలు ఈ రకంగానే చప్పబడ్డాయి.

పుస్తకంగా వేయొచ్చా అని అడిగావు, ఆ మాట తర్వాత. ముందు మళ్ళీ కోట అరుగు మీదికి వెళ్ళు. ఈసారి కెమెరా ఎడమవైపు తిప్పు. చెట్ల సందుల్లో నీళ్ళు మెరిసే చోటు దొరికేదాకా ఆగి, ఆ ఫొటోతో మొదటి పేజీ కొత్తగా రాసి పంపు.

ఆశీస్సులతో.